కూయని మిషను

స్టేషను దగ్గర ఎక్కిన ఆటో జుగ్సలాయి దాటకుండానే ఆగిపోయింది. ముందెక్కడో లారీ అడ్డం తిరిగినట్టుంది. వెనక సీట్లో ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చున్న పోలమ్మకి రోడ్డు కనిపించడం లేదు. డ్రైవరు మెడ మీద చెమటా, అద్దానికి వేలాడుతున్న ప్లాస్టిక్ మందారమూ, దాని పక్కగా వాన అనడానికి లేని తుంపరా, అంతే. ఒళ్ళో సంచి ఉంది. సంచిలో డబ్బు ఉంది, పదిహేను రోజుల కిందట సోనారి నుంచి వచ్చిన గౌరీశంకర్ ఏ కవర్లో పెట్టి ఇచ్చాడో ఆ కవర్లోనే. అతను ఫోన్ చేసి ఇంకా గంట కాలేదు. అప్పుడామె బియ్యం చెరుగుతోంది, చేట పక్కన పెట్టి ఫోన్ ఎత్తింది, నమస్కారం లేదు, బాగున్నారా లేదు. "అమ్మా, మీరమ్మిన ఆక్సిజన్ మిషను వట్టి గాలే ఇత్తన్నాది. మా అమ్మకి పెట్టినకాణ్ణించి ఏలి క్లిప్పులో నంబరు పెరగనే పెరగదు. సిలిండరు పెడితే పెరుగుతున్నాది, ఇది పెడితే నేదు. ఇయాల మిస్త్రీని పిలిసి ఎనక మూత ఇప్పించినాను. లోపల కూత తీగ కోసీసుందమ్మా. కోసీసి ఎర్రగుడ్డ ముక్క కట్టీసుంది. తెలిసే అమ్మీసినారా?" పోలమ్మ ఫోన్ చెవికే ఉంచుకుని లేచింది. "వత్తన్నాను బాబూ, ఇప్పుడే వత్తన్నాను" అని బయల్దేరిపోయింది. పొయ్యి కట్టేసిందో లేదో గుర్తు రావడం లేదు. కట్టేసే ఉంటుంది. చేట మాత్రం గుమ్మంలో వదిలేసింది, పిచ్చుకలకి పండగ.

ఎర్రగుడ్డ ముక్క. ఆ మాట వినగానే తీగ ఎవరు కోశారో పోలమ్మకి తెలిసిపోయింది. తీగ కోసి పారేసేవాళ్ళు లక్షమంది ఉంటారు, కోసిన చోట ఎర్రగుడ్డ కట్టేవాడు ఆమె ఎరిగినంతలో ఒక్కడే, నాలుగు నెలల కిందట హోలీ వెళ్ళిన మర్నాడు పొద్దున్న పోయిన ఆమె మొగుడు దేముడు. ముప్పై ఏళ్ళు కాంట్రాక్టరు కింద కార్ఖానాలో ఫిట్టరు పని చేశాడు. అక్కడ ప్రతి యంత్రానికీ ఒక కూత ఉంటుందనేవాడు, వేడెక్కితే కూసేది ఒకటి, గాలి తగ్గితే కూసేది ఒకటి, ఏమీ లేకపోయినా పసిపిల్లల్లాగా ఊరికే కూసేవి కొన్ని. ఆ ఊరికే కూసేవాటిని పనివాళ్ళు తీగ తప్పించి నోరు మూయించేవారు. బైపాస్ అనేవారు దాన్ని. తప్పించిన చోట ఎర్రగుడ్డ కట్టాలి. కట్టి, షిఫ్టు దిగేటప్పుడు ఎక్కేవాడి ఎదురుగా నిలబడి నోటితో చెప్పాలి, ఫలానాది కూయదు, కన్నేసి ఉంచు అని. అవతలివాడు "విన్నాను" అనేదాకా కదలకూడదు. పెళ్ళైన కొత్తలో ఒకనాడు అన్నం సగంలో చెయ్యి ఆగిపోయింది ఆయనకి. "గుడ్డ కట్టినాను గానీ సెప్పనేదే" అని లేచి, మూతి కూడా సరిగ్గా కడుక్కోకుండా సైకిలెక్కి, బాగ్‌బేరా నుంచి మళ్ళీ అంత దూరమూ తొక్కాడు. తిరిగొచ్చేసరికి అన్నం ఎండి గట్టిపడింది. ఆమె కసిరితే నవ్వాడు. "ఆడు మంచోడే గానీ ఆడికి కలొత్తాదేటి? సెప్పకపోతే ఎలా తెలుత్తాది?" అటువంటి మనిషి. ఇక్కడ గుడ్డ కట్టాడు, చెప్పలేదు. ఇంట్లో ఆయన దిగితే ఎక్కే షిఫ్టు తనే కదా, ఇంకెవరున్నారు? దిగడానికి ఇంకా టైముందనుకున్నాడేమో.

ఆటో కదిలింది. కదిలిన కుదుపుకి పక్కనున్న ఆడమనిషి భుజం తగిలింది, ఆమె చేతిలో కొత్తిమీర కట్ట, ఆ వాసనకి పోలమ్మకి పొద్దున్నుంచీ ఏమీ తినలేదని గుర్తొచ్చింది. పైటకొంగు కూడా తడిసింది. ఆ ఎర్రగుడ్డ ఎక్కడిదో కూడా తెలుసు. పాత ఎర్రచీర చివికిపోయి చిరిగితే చెంగు చింపి వంటింట్లో మసిగుడ్డగా వాడింది, గిన్నెలు దింపడానికి. చలికాలంలో ఒకరోజు దాని మూల ఎవరో కొరికినట్టు చినిగిపోయి ఉంది. ఎలక అనుకుంది. ఎలకలమందు కూడా తెచ్చి పెట్టింది, దేముడు మంచం మీంచి చూస్తూ ఏమీ అనలేదు. ఇప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. ముక్కుకి గొట్టం పెట్టుకుని, మిషను దగ్గరగా లాక్కుని, స్క్రూ డ్రైవరుతో వెనక మూత తీసి, తీగ కోసి, టేపు చుట్టి, ఆ మసిగుడ్డ చింపి ముడేసి, మళ్ళీ మూత బిగించేదాకా ఎంత ఆయాసపడ్డాడో. తను రేషను దుకాణానికి వెళ్ళిన పూట అయి ఉండాలి. ఆ పూట వచ్చేసరికి ఒళ్ళంతా చెమట పట్టి కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఏమైంది బావా అంటే "ఏటీ నేదు, ఉక్కగా ఉన్నాది" అన్నాడు. పుష్యమాసంలో ఉక్క.

ఆ కూత అంటే ఇద్దరికీ భయం పట్టుకుంది అప్పటికి. దసరా వెళ్ళాక కూతురు అనిత వాయిదాల మీద కొన్నది ఆ మిషను, మోకాలెత్తు తెల్లటి పెట్టె, కింద చక్రాలు. ఊపిరితిత్తులు ఎండిపోయాయన్నారు ఆస్పత్రిలో. బీడీలన్నాడు డాక్టరు, దుమ్మన్నాడు దేముడు, ఆ మాట మీద డాక్టరుతో చాలాసేపు వాదించాడు, గెలిచినా ఏం లాభం. మిషను ఊళ్ళో గాలినే పీల్చి అందులో పనికొచ్చేదాన్ని వేరుచేసి ఇస్తుందట. బాగానే ఇచ్చింది. కానీ బస్తీలో కరెంటు పోయినప్పుడల్లా కీచుమని మొదలుపెట్టేది, వచ్చినా ఒకసారి కూసేది, కరెంటు తక్కువొచ్చినా కూసేది. "కరెంటు పోయిందని పంకా సెప్పీసింది కదా, మల్లీ నీకెందుకే గోల" అని దేముడు దాంతో మాట్లాడేవాడు. ప్రతి కూతకీ పోలమ్మ ఉలిక్కిపడి లేచేది. లేచి చూడకపోతే ఎలా? అలా ఎన్ని రాత్రులో. చివరికి ఒక ఉదయం వీధి కుళాయి దగ్గర బిందె ఎత్తబోయి, నిద్ర ముంచుకొచ్చి, బిందెతో సహా కూలబడిపోయింది. నుదురు చిట్లింది. ఇరుగుపొరుగు ఆమెని లోపలికి తెచ్చి కూర్చోబెడుతుంటే దేముడు మంచం మీద లేచి కూర్చుని చూశాడు. ఆ చూపు ఇప్పుడు గుర్తొస్తోంది. ఆ తర్వాత రెండు రోజులకే మిషను కూయడం మానేసింది. పోలమ్మ ఎంత సంబరపడిందని. మన ఇంటికి అలవాటు పడింది, మంచిదైపోయింది అని పక్కింట్లో చెప్పుకుంది. ఆ రాత్రి నుంచి నిద్రపోయింది. ఒళ్ళు మర్చిపోయి నిద్రపోయింది, ఆయన పోయేదాకా రోజూ.

"బిష్టుపూర్, బిష్టుపూర్, ఉతరో" అని డ్రైవరు అరిచాడు. దిగింది. సోనారి ఆటోల వరస అవతలివైపు. రోడ్డు దాటబోతూ అనిత పనిచేసే బట్టల షోరూము ఉన్న వైపు చూసింది, ఎత్తైన అద్దాలు, అద్దాల మీద వాన. అక్కడికి వెళ్ళి చెప్పాలా? వద్దు, ఇందాక ఇంటి దగ్గర బయల్దేరుతూ చేసిన ఫోన్లోనే అయిపోయింది ఆ గొడవ. పిల్ల తెలుగు అర్థం చేసుకుంటుంది గానీ కోపం వస్తే హిందీలోకి పోతుంది. "మమ్మీ, పాగల్ హో క్యా? వాపస్ నహీఁ హోగా అని లిఖా థా నా? బ్లాక్ కర్ దో ఉస్కో." అమ్మినది వెనక్కి తీసుకోం అని రాశాం కదా అంటుంది. బ్లాకంటే ఏటే అంది పోలమ్మ. వాళ్ళ ఫోన్ మనకి రాకుండా చెయ్యడమట. "ఫోను రాకపోతే ఆ ముసలమ్మకి ఊపిరొత్తాదేటే?" అంటే అనిత మెల్లగా, తెలుగులో, "నువ్వే కదమ్మా కూయదని రాయమన్నావు" అంది.

నిజమే. మిషనుకి నాలుగు వైపులా ఫోటోలు తీసి, ఫోన్లో అమ్మకానికి పెడుతూ, ఇంకేం రాయను మమ్మీ, దీని గురించి మంచి మాటలు చెప్పు అంది అనిత. మంచి మాటలు. మొగుడు చచ్చిపోయిన మంచం పక్కనున్న పెట్టెకి ఏం మంచి మాటలుంటాయి. కాసేపాలోచించి, "కూయదని రాయి. సడీ సప్పుడూ నేదు, కూయనే కూయదు" అంది. అదే రాసింది. అది చూసే ఫోన్ చేశాడు గౌరీశంకర్, మా అమ్మకి చప్పుడుంటే పడదండీ అని హిందీలో మొదలుపెట్టి, అటు పోలమ్మ గొంతు వినగానే తెలుగులోకి దూకాడు. ఇచ్ఛాపురం అవతలి వాళ్ళట, తాతల కాలంలో వచ్చారట. ఆటో మాట్లాడుకుని బాగ్‌బేరా వచ్చాడు. టీ తాగాడు. మిషను నడిపి చూపిస్తే, గాలి పోయే దారిలో తగిలించిన సీసాలో నీళ్ళు బుడబుడలాడాయి. ఎవరైనా మిస్త్రీకి చూపించుకో బాబూ అని ఆమె అననే అంది. "మనోళ్ళ దగ్గర కొంటన్నాను, మల్లీ సూపించీదేటమ్మా" అన్నాడు. వేరేవాళ్ళైతే చూపించుకునేవాడు. ఆమె తెలుగామె కావడం వల్ల మోసపోయాడు. ఆ మాట గుండెలో ముల్లులా ఉంది, ఎలా కూర్చున్నా గుచ్చుకుంటోంది.

సోనారి ఆటోలో ముందు సీటు దొరికింది. తుంపర మొహం మీద పడుతోంది. పోలమ్మకి బోర్డులు చదవడం అలవాటు. అక్షరాలు యాభై రెండో ఏట నేర్చుకుంది, తెలుగు సంఘం వాళ్ళ గదిలో, సాయంత్రాలు, తనకన్నా చిన్నదైన టీచరమ్మ దగ్గర. తెలుగు వచ్చాక హిందీ కూడా కొంచెం కొంచెం పట్టుబడింది, ఇంగ్లీషు మాత్రం రాలేదు. దారిలో ఏ బోర్డు కనిపించినా కూడబలుక్కుని చదివేది, దేముడు సైకిలాపి "సదువుకో, సదువుకో, మేష్టారమ్మా" అని ఆటపట్టించేవాడు. ఇవాళ మందుల కొట్టు బోర్డు సగం చదివింది, మిగతా సగం దాటిపోయింది. చదువుతూ ఉంటే ఆ ప్రశ్న రాదేమో అని. ఆ ప్రశ్న గౌరీశంకర్‌ని ఫోన్లో అడగలేదు, నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మిషను ఎప్పుడు పాడైంది? ఆయన పోయాక నాలుగు నెలలు ఊరికే మూల పడి ఉంది, వానలు పడ్డాయి, రేకుల కప్పు కింద గోడలు చెమ్మగిల్లాయి, అప్పుడు పాడై ఉంటే తను చేసింది ఒక్కటే తప్పు, చూసుకోకుండా అమ్మడం. డబ్బిచ్చేసి దండం పెట్టి రావచ్చు. అలా కాకుండా ముందే పాడై ఉంటే. మాఘంలో ఫాల్గుణంలో. ఆయన ముక్కుకి ఆ గొట్టం ఉన్నప్పుడే. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే వేలి క్లిప్పులో నంబరు తొంభై నుంచి ఎనభై అయిదుకి దిగింది, ఎనభైకి దిగింది. డాక్టరుని అడిగితే ఈ జబ్బు అంతేనమ్మా, దిగడమే గానీ ఎక్కడం ఉండదు అన్నాడు. మీట ఇంకో గీత పెంచీయే అనేవాడు దేముడు. పెంచేది. సీసాలో నీళ్ళు ఇంకా జోరుగా మరిగేవి. ఇంకో గీత పెంచీయే. పెంచేది. నీళ్ళు మరుగుతుంటే ఊపిరి వెళుతోందని ధైర్యంగా ఉండేది. వట్టి గాలికి కూడా నీళ్ళు అలాగే మరుగుతాయని ఎవరనుకుంటారు?

పైన చిన్న విమానం ఒకటి తక్కువగా వెళ్ళింది, ఆటోలో ఎవరూ తల ఎత్తలేదు. అడ్రసు కాగితం చూపించి దిగింది. రెండు గదుల ఇల్లు, ముందు స్కూటరు, గుమ్మంలో గౌరీశంకర్. నలభై దాటని మనిషి, హోటల్లో స్టోరు చూసుకుంటానని ఆ రోజు చెప్పాడు. ఇవాళ పనికి వెళ్ళినట్టు లేదు, గడ్డం పెరిగి ఉంది. "రండి" అన్నాడు, అమ్మా అనలేదు. లోపల మంచం మీద దిండ్లకి ఆనుకుని అతని తల్లి సూర్యకాంతం, డెబ్బై ఏళ్ళుంటాయి, చేతులు పుల్లల్లా ఉన్నాయి గానీ కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. మంచం పక్కన ఇనుప సిలిండరు, దాని గొట్టం ముక్కుకి. గదికి రెండోవైపు, వెనక మూత ఊడదీసి, మిషను. దాని ముందు నేల మీద కూర్చున్న కుర్రమిస్త్రీ పేరు మోహిత్ అని గౌరీశంకర్ చెప్పాడు.

"రా, రా," అంది సూర్యకాంతం. మాటకి మాటకి మధ్య ఊపిరి తీసుకుంటోంది. "నీ మొగుడు పీల్చగా మిగిలిన గాలి నాకమ్మీసినావంట గదే."

"అమ్మా, నువ్వూరుకో."

"ఏటూరుకోడం? ఊరు మొత్తానికి గాలి కొనుక్కున్న మొగోడివి నువ్వొక్కడివే. కిటికీ తీత్తే ఊరికే వచ్చును."

పోలమ్మకి నవ్వు రావలసిన చోట కళ్ళలో నీళ్ళొచ్చాయి. కవరు తీసి మంచం మీద పెట్టింది. చెప్పాల్సింది చెప్పింది, తీగ కోసింది మా ఆయనే, నాకు తెలీదు, నేను నిద్రపోవాలని కోశాడు, కార్ఖానాలో అలా గుడ్డ కడతారు, కట్టినవాడు చెప్పాలి, ఆయన చెప్పలేదు. చెబుతూ చెబుతూ నేల మీద పడి ఉన్న ఆ గుడ్డముక్క వైపు చూసింది, వేలెడంత, మసి కూడా పోలేదు. గౌరీశంకర్ కూడా ఆ గుడ్డముక్క వైపు చూశాడు. "మీకే సెప్పనేదా?" అన్నాడు. "నాకే సెప్పనేదు బాబూ." అప్పుడతను కుర్చీ జరిపాడు. "కూకోండమ్మా" అన్నాడు.

డబ్బు వైపు అతను చూడనైనా లేదు. ఆ డబ్బుతో ఇలాంటిది ఇంకోటి రాదు. సిలిండరు రోజూ నింపించాలి, రోజూ ఒకరు సెలవు పెట్టి మొయ్యాలి, కొత్త మిషను అతని తలకి మించిన పని. ఎలాగైనా ఇదే బాగుచెయ్యమని మోహిత్‌ని పొద్దున్నుంచీ బతిమాలుతున్నాడని అతని కళ్ళే చెబుతున్నాయి. మోహిత్ పెట్టె లోపలున్న రెండు గొట్టాలు చూపించి పోలమ్మకి హిందీలో విడమర్చి చెప్పాడు. వీటిలో తెల్లటి ఇసకలాంటి గుండ ఉంటుంది ఆంటీ, గాలిలోంచి ఆక్సిజన్ని వేరుచేసేది అదే. దానికి చెమ్మ శత్రువు. నాలుగు నెలలు ఊరికే పెట్టేశారు కాబట్టి పై పైన చెమ్మ పట్టి ఉంటే, రెండు మూడు రోజులు ఆపకుండా తిప్పితే ఆరి మళ్ళీ దారికి రావచ్చు, తీగ అతికిస్తాను, అమ్మగారు వాడుకోవచ్చు. అలా కాకుండా వాడుతున్నప్పుడే గుండ చచ్చిపోయి ఉంటే ఇది తిప్పినా ఒకటే, పారేసినా ఒకటే, దీన్ని నమ్ముకుంటే మనిషికి ప్రమాదం. కూత కోసేశారు కాబట్టి లైటే సాక్ష్యం. ఇదిగో ఈ పసుపు లైటు. ఆక్సిజన్ తగ్గితే కూతతో పాటు ఇదే వెలుగుతుంది.

"ఇక్కడికొచ్చినకాణ్ణించీ ఎలుగుతున్నాది," అన్నాడు గౌరీశంకర్. "కరెంటు లైటనుకున్నాం."

"ఆప్ కే ఘర్ మేఁ భీ జల్తీ థీ క్యా, ఆంటీ?" అన్నాడు మోహిత్.

ముగ్గురూ ఆమె వైపు చూశారు. "మీ ఇంట్లో ఎలగనేదు కదమ్మా?" అన్నాడు గౌరీశంకర్, ఆ 'కదమ్మా'లో అతని ప్రాణమంతా ఉంది. "నేదని సెప్పీయే తల్లీ, ఈడి మొకం నాను సూడనేకపోతన్నాను" అంది సూర్యకాంతం. లేదంటే చాలు. లేదంటే అందరూ బాగుంటారు. రెండు మూడు రోజులు తిప్పుతారు, గుండ ఆరుతుంది, ఆరకపోయినా అది ఎప్పుడు చచ్చిందో ఎవరికీ తెలీదు, తనకీ తెలీదు, ఆయన జబ్బుతోనే పోయాడు, డాక్టరు చెప్పాడు కదా. లైటు మిషను ముందువైపు, మీట పక్కన, కందిగింజంత ఉంది. ఎంత చిన్నది. ఇంట్లో ఇంకా పెద్దదిగా ఉండేది. మిషను దేముడి తల వెనక ఉండేది, అది వదిలే వేడిగాలి మొహాన కొట్టకుండా అలా పెట్టుకున్నారు, ఆయన మొహం ఎప్పుడూ కిటికీ వైపు, కాబట్టి లైట్లు ఆయనకి కనపడవు, కనపడేది తనకి. మొదట్లో ఆకుపచ్చది. శివరాత్రి రోజు సాయంత్రం, తను ఉపవాసం ఉంది, దేవుడి దగ్గర దీపం పెట్టి ఇటు తిరిగేసరికి ఆకుపచ్చ పోయి పసుపుపచ్చ వచ్చింది. ఎవరో రెండో దీపం పెట్టినట్టు. ఆ పూట దాన్ని చూసి చేతులు జోడించింది. అవును, జోడించింది. మర్నాడూ ఉంది. ఆ మర్నాడూ. చీకటి పడ్డాక గోడ మీద చిన్న పసుపు మరక, దాని వెలుగులో ఆయన చెవీ తలగడా కనిపించేవి, బాగుండేది. క్లిప్పులో నంబరు దిగుతోంది, గీతలు పెంచుతోంది, లైటు వెలుగుతోంది. ఒకరోజు వంగి చూసింది. దాని కింద ఏవో ఇంగ్లీషు అక్షరాలు. తనకి రావు. ఆయనకి వచ్చు, కార్ఖానాలో ముప్పై ఏళ్ళు చదివినవి అవే. బావా, ఈ లైటేటి, కింద ఏటి రాసున్నాది అంటే చాలు. ఆ మాట పెదాల దాకా తెచ్చుకుని ఆయన వీపు వెనక నిలబడింది. అప్పుడు ఇంట్లో నీళ్ళ డ్రమ్ము కుళాయి కారుతోంది, గుడ్డ చుట్టి చప్పుడు లేకుండా చేసింది. పంకా రెక్క వంగి గరగరమంటే పంకా ఆపేసి ఉక్కగా లేదులే అంది. చెడిపోయినవి ఏవీ ఆయన చెవిన పడకుండా కాపు కాసింది ఆ రోజుల్లో. ఆయన వీపు ఎగిరెగిరి పడుతోంది. నిలబడింది, నిలబడింది, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"జలీ థీ," అంది పోలమ్మ.

మోహిత్‌కి వినపడలేదు. గౌరీశంకర్‌కి వినపడింది.

"ఎలిగింది బాబూ. శివరాత్రి నుంచీ ఎలిగింది. ఒక్కరోజు ఆరనేదు. దీన్ని మీయమ్మకి పెట్టకండి."

గౌరీశంకర్ మిషను దగ్గరికి వెళ్ళి ప్లగ్గు పీకాడు. మోహిత్ స్క్రూలు ఏరి డబ్బాలో వేసుకోవడం మొదలుపెట్టాడు. పెట్టెని ఇద్దరూ కలిసి ఎత్తి వరండాలోకి తీసుకెళ్ళారు, చక్రాలున్న సంగతి ఇద్దరికీ తోచలేదు. గదిలో ఆడవాళ్ళిద్దరే మిగిలారు. సూర్యకాంతం వేళాకోళం మానేసింది. అలవాటు లేని మనిషిలా గొంతు తగ్గించి, తప్పు పట్టడానికి కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది.

"మరి నీ మొగుడు మిస్త్రీయే కదే. లైటు మారిందని ఆడికి ఒక్క మాట సెప్పకపోనావా?"

"సెప్తే లెగుత్తాడు," అంది పోలమ్మ. "లెగిసి ఇప్పుతాడు. అంతసేపు కూకోనేడు, ఆయాసం వచ్చేత్తాది. లెగుత్తాడనే సెప్పనేదు."

సూర్యకాంతం చెయ్యి చాపింది. ముక్కుకున్న గొట్టం బిగుసుకుని, ఆ చెయ్యి కుర్చీ దాకా రాలేదు. పోలమ్మ కుర్చీ దిగి, మంచం పక్కన నేల మీద కూర్చుంది.